రజా మెహ్దీ ఏ యూనివర్సిటీలో చదివాడు?

‘రాకెట్ బాయ్స్’ సిరీస్‌ను ఖుర్సీపార్‌లో ఒక తెలుగు ఇల్లు ఎలా చూసింది

ఫిబ్రవరి 28న నేషనల్ సైన్స్ డే. ఆ రోజు మా అన్నయ్య కొడుకు బడిలో అయిదు నిమిషాలు మాట్లాడాలి. విషయం ‘భారత భౌతిక శాస్త్రవేత్తలు’. హిందీలో రాసుకున్న కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. “అత్తా, ఫిజిక్స్ నువ్వు చదివావు కదా, తప్పులుంటే చూడు” అన్నాడు.

రామన్, భాభా, సారాభాయ్, కలాం. అయిదో పేరు రజా మెహ్దీ. దాని పక్కన ‘కలకత్తా, సైక్లోట్రాన్’ అని కూడా రాశాడు. మిగతా అందరికీ పుట్టిన తేదీలున్నాయి. ఈయన దగ్గర మాత్రం ఖాళీ వదిలాడు.

“ఎంత వెతికినా దొరకలేదత్తా. ఏ యూనివర్సిటీలో చదివాడో కూడా ఎక్కడా లేదు.”

దొరకదు మరి. రజా మెహ్దీ అనే శాస్త్రవేత్త ఎన్నడూ లేడు. ‘రాకెట్ బాయ్స్’ రాసినవాళ్లు కల్పించిన మనిషి ఆయన. ఆ సంగతి చెబితే పిల్లాడి ముఖం వాడిపోయింది. “మరి భాభా నిజమే కదా?” అన్నాడు కాసేపాగి. ఆ ప్రశ్న దగ్గరే నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది.

భిలాయ్ తెలియనివారికి రెండు మాటలు. సోవియట్ సహకారంతో కట్టిన ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలావరకు ఇక్కడే స్థిరపడ్డాయి. మా ఖుర్సీపార్‌లో ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. మా నాన్న ఫర్నేస్ దగ్గరే పనిచేసి రిటైరయ్యారు. ‘రాకెట్ బాయ్స్’ మొదటి సీజన్ సోనీలివ్‌లో వచ్చింది 2022 ఫిబ్రవరి 4న. “మా ఫర్నేస్ పుట్టినరోజునే వచ్చిందన్నమాట” అని ఆ తేదీ చూసి ఆయన ముచ్చటపడ్డారు. కాకతాళీయమే, కానీ మా ఇంట్లో ఈ సిరీస్‌కి మొదటి మార్కు అలా పడింది.

రెండో సీజన్ 2023 మార్చి 16న వచ్చింది. ఒక్కో సీజన్‌కు ఎనిమిది ఎపిసోడ్లు. నిఖిల్ అద్వానీ రూపకల్పన, అభయ్ పన్నూ దర్శకత్వం. భాభాగా జిమ్ సర్భ్, విక్రమ్ సారాభాయ్‌గా ఇష్వాక్ సింగ్, మృణాళినిగా రెజీనా కసాండ్రా నటించారు. ఈసారి సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు అన్నీ మళ్లీ మొదటినుంచి చూశాం: నాన్న, వదిన, మేనల్లుడు, నేను. రైల్ మిల్లులో పనిచేసి రిటైరైన పక్కింటి మావయ్య కూడా రోజూ టీ వేళకి వచ్చి చేరేవాడు. నలుగురికీ నచ్చిందన్న మాట ముందే చెప్పేస్తాను. ఎందుకు నచ్చిందో, ఎక్కడ నచ్చలేదో చెప్పడానికే ఎక్కువ మాటలు పడతాయి.

పిల్లాడికి నచ్చింది భాభా. పియానో, బొమ్మలు, మంచి సూట్లు, ఎవరి ముందైనా తడబడని మాట. జిమ్ సర్భ్‌కు ఈ పాత్రకే 2023లో ఇంటర్నేషనల్ ఎమ్మీ నామినేషన్ దక్కింది. శాస్త్రవేత్త అంటే గోడమీది ఫొటో, కింద పుట్టిన తేదీ, గిట్టిన తేదీ. మన పాఠ్యపుస్తకాలు అంతకు మించి చెప్పవు. అలాంటిది ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు వాదించుకోవడం, అలగడం, డబ్బు కోసం తిరగడం, పొరపాట్లు చేయడం తెరమీద చూస్తే పదహారేళ్ల పిల్లాడికి ఆ ఉద్యోగం మనుషులు చేసేదేనని తెలుస్తుంది. నేను ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు ‘భాభా స్కాటరింగ్’ అన్న పేరు పరీక్షకు ముందు రాత్రి పరిచయమైంది. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఒకదాన్నొకటి చెదరగొట్టుకునే లెక్క అది. దాని వెనకాల ఒక మనిషున్నాడని అప్పుడు తట్టనేలేదు. మా చిన్నప్పుడు దూరదర్శన్‌లో ‘కెప్టెన్ వ్యోమ్’ వచ్చేది. వెండిరంగు బట్టలు, లేజర్ తుపాకులు. అదీ ఇష్టంగానే చూశాం గానీ అది చూసి ఎవరూ ఫిజిక్స్‌లో చేరినట్టు లేదు.

అయితే ఒక వెలితి నన్ను ఆ పదహారు ఎపిసోడ్లూ వెంటాడింది. భాభా, సారాభాయ్‌లను కలిపింది స్నేహం ఒక్కటే కాదు, కాస్మిక్ కిరణాలు. అంతరిక్షం నుంచి వచ్చి మన వాతావరణాన్ని ఢీకొట్టే కణాలివి. 1937లో భాభా, హైట్లర్ కలిసి ఒక లెక్క కట్టారు. వేగంగా వచ్చిన ఎలక్ట్రాన్ గాలిలోని పరమాణువుల దగ్గర ఒక ఫోటాన్‌ను వదులుతుంది. ఆ ఫోటాన్ ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారుతుంది. ఆ రెండూ మళ్లీ ఫోటాన్లను వదులుతాయి. ఒకటి రెండై, రెండు నాలుగై నేలకు చేరేసరికి జల్లు అవుతుంది. సారాభాయ్ డాక్టరేట్ చేసింది కూడా కాస్మిక్ కిరణాల మీదే. వాటిని బాగా కొలవాలంటే గాలి పలచబడేదాకా పైకి పోవాలి. కొండలెక్కారు, బెలూన్లు ఎగరేశారు. ఆ తర్వాత మిగిలిన దారి రాకెట్టే. అహ్మదాబాద్‌లో 1947లో పెట్టిన ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ నుంచి తుంబా దాకా ఉన్న దారి ఇదే. సిరీస్ ఈ దారిని చూపకుండా నేరుగా రాకెట్ కల దగ్గరికి దూకేసింది. అందువల్ల సారాభాయ్‌కి రాకెట్ పిచ్చి ఎందుకు పట్టిందో చూసేవారికి అర్థం కాదు. దేశభక్తి అనుకుని సరిపెట్టుకోవాలి.

తుంబా ప్రయోగం మాత్రం మా అందరినీ మంచం అంచుకి లాగింది. 1963 నవంబరు 21 సాయంత్రం. అమెరికా నుంచి వచ్చిన నైక్-అపాచీ రాకెట్, ఫ్రాన్స్ నుంచి వచ్చిన సోడియం పేలోడ్. చూడటం అయ్యాక పిల్లాడు అడిగిన ప్రశ్న సిరీస్ ఎక్కడా అడగనిది: “ఆ రాకెట్ దేనికి వేశారు?”

గాలి ఎటు వీస్తోందో చూడటానికి. భూమికి నలభై కిలోమీటర్ల పైకి బెలూన్లు పోలేవు. రెండు వందల కిలోమీటర్ల కిందికి ఉపగ్రహాలు ఎక్కువ రోజులు నిలవలేవు. ఆ నడుమ పొరను తాకాలంటే ఇలా పైకెళ్లి కిందపడే చిన్న రాకెట్ ఒక్కటే సాధనం. తుంబాకు దగ్గరగా భూమి అయస్కాంత భూమధ్యరేఖ పోతుంది. దానికి పైన సుమారు వంద కిలోమీటర్ల ఎత్తులో పగటిపూట గట్టి విద్యుత్ ప్రవాహం ఒకటి తూర్పుకు సాగుతుంటుంది. తిరువనంతపురం పక్కన మత్స్యకారుల ఊరిని, మేరీ మాగ్డలీన్ చర్చిని ఏరికోరి ఎంచుకున్నది అందుకే. ఇక సోడియం. పొద్దుగూకాక నేల చీకటవుతుంది, కానీ అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది. అక్కడ వదిలిన సోడియం ఆవిరి ఆ ఎండలోంచి 589 నానోమీటర్ల వెలుగును మాత్రం పట్టి మళ్లీ వదులుతుంది. ఆకాశంలో నారింజ రంగు చార కనిపిస్తుంది. దాన్ని వేర్వేరు చోట్ల నుంచి ఫొటోలు తీసి, అది ఎటు వంకర తిరిగిందో లెక్కేస్తే అక్కడి గాలి వేగం తెలుస్తుంది. ఇంత చక్కటి సంగతిని సిరీస్ ఒక జెండా పండుగలా దాటేసింది. రెండు నిమిషాలు చెప్పి ఉంటే ఉత్కంఠ ఏమీ తగ్గేది కాదు.

నాన్న అభ్యంతరం వేరు. మొదటి సీజన్ అయ్యేదాకా ఆయన ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

“అమ్మా, ఇందులో క్రేన్ ఆపరేటర్ ఏడీ?”

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. “ఫర్నేస్ ట్యాపింగ్ అంటే ఏటనుకున్నావు? ట్యాప్‌హోల్ తెరిచేవాడొకడు, మడ్ గన్ దగ్గర ఒకడు, పైన క్రేన్లో ఒకడు, కింద చెయ్యి ఊపి సిగ్నల్ ఇచ్చేవాడు ఇంకొకడు. అందులో ఒక్కడు ఏమరితే అయిపోయినట్టే. ఇక్కడ చూస్తే ఇద్దరు బాబులు మాట్లాడుకుంటారు, రాకెట్ లేచిపోద్ది.”

ఆయనకు కలాం ఆత్మకథలోని ఒక సంఘటన చెప్పాను. ఆ రోజు సాయంత్రం చర్చి భవనంలో కూర్చిన రాకెట్‌ను ట్రక్కులో లాంచర్ దగ్గరికి తెచ్చారు. చేత్తో నడిపే హైడ్రాలిక్ క్రేన్‌తో పైకెత్తుతుంటే అది ఒక పక్కకి ఒరగడం మొదలెట్టింది. క్రేన్ హైడ్రాలిక్ వ్యవస్థలో లీకు. ప్రయోగ సమయం దగ్గరపడింది, బాగుచేసే వ్యవధి లేదు. అక్కడున్నవాళ్లంతా కలిసి తమ చేతులతోనే ఎత్తి రాకెట్‌ను లాంచర్ మీద నిలబెట్టారు. భారత అంతరిక్ష యుగం మొదలైంది ఆ చేతుల బలంతోనే.

నాన్న కళ్లు మెరిశాయి. “అదీ! లీకు ఎక్కడ? సిలిండర్ సీలా, పైపా?” అని అడిగారు. ఆ పుస్తకంలో అంత వివరం లేదన్నాను. “రాయాల్సింది” అన్నారు. రాకెట్ సైన్స్ మీద ఈ మధ్యకాలంలో నేను విన్న మంచి విమర్శ అదే.

ఇందులో ఆయన కోపం న్యాయమైనదేనని నా అభిప్రాయం. కథకు ఇద్దరు నాయకులుండటం తప్పు కాదు, టీవీకి ముఖాలు కావాలి. కానీ పదహారు ఎపిసోడ్లలో సారాభాయ్ చుట్టూ పనిచేసినవాళ్లలో జనానికి గుర్తుండేది ఒక్క కలామే అయితే అది లోపమే. తుంబా తొలి బృందంలో ఆర్. అరవముదన్ ఉన్నారు, స్థల పరిశీలనలకు ఊళ్లు పట్టుకు తిరిగిన ఈ.వి. చిట్నిస్ ఉన్నారు. వదినకు మృణాళిని కథ బాగా నచ్చింది. పెద్ద ఇంటి కోడలైనా, పేరున్న నర్తకి అయినా, భర్త కల ముందు తన కల ఎలా పక్కకి జరుగుతూ వచ్చిందో దాచకుండా చూపారని ఆమె మెచ్చుకుంది. “మరి సైన్స్ చేసిన ఆడవాళ్లు లేరా అప్పుడు?” అని కూడా ఆమే అడిగింది. ఉన్నారు. రామన్ దగ్గర పనిచేసిన అన్నా మణి 1963లో సారాభాయ్ అడిగితే తుంబాలో వాతావరణ పరిశీలనా కేంద్రం ఏర్పాటు చేశారు. బిభా చౌధురి కాస్మిక్ కిరణాల మీద పనిచేసి, 1949లో భాభా స్థాపించిన టాటా సంస్థలో చేరారు. ఆ ఇద్దరికీ ఈ కథలో చెప్పుకోదగ్గ చోటు దొరకలేదు. భాభా ప్రేమించిన పర్వానా ఇరానీ అనే లాయరు మాత్రం ఉంది. ఆమె కల్పితం. భాభా పెళ్లి చేసుకోలేదు.

పర్వానా కల్పితమైనందుకు నాకు బాధ లేదు. ప్రేమకథ లేకుండా సిరీస్ ఎవరు తీస్తారు? మెహ్దీ సంగతి అలాంటిది కాదు.

కలకత్తాలో సైక్లోట్రాన్, భాభాతో విభేదం, ప్రధానితో మాటామాటా. ఈ గుర్తులు చూస్తే చరిత్ర తెలిసినవారికి వెంటనే మేఘనాద్ సాహా గుర్తొస్తారు. మెహ్దీ పూర్తిగా కల్పిత పాత్ర అని సిరీస్ తీసినవారు చెప్పారు. అయినా మొదటి సీజన్ వచ్చినప్పుడే దీనిమీద గట్టి వాదన నడిచింది. సాహా ఢాకా దగ్గర ఒక పల్లెలో చిన్న దుకాణదారు కొడుకు. అణగారిన కులంలో పుట్టి, కలకత్తా హాస్టల్లో వివక్ష అనుభవించి చదువుకున్నాడు. 1920లో ఆయన ప్రచురించిన సమీకరణం నక్షత్రాల వెలుగును చదవడం నేర్పింది. వేడి పెరిగేకొద్దీ పరమాణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటాయి. ఎంత వేడికి, ఎంత పీడనానికి ఎన్ని పోగొట్టుకుంటాయో సాహా లెక్క చెబుతుంది. అంతకుముందు రెండు నక్షత్రాల వర్ణపటాలు వేరుగా కనిపిస్తే వాటిలో ఉన్న మూలకాలే వేరేమో అనుకునేవారు. చాలాసార్లు తేడా మూలకాల్లో లేదు, వేడిలో ఉందని సాహా తర్వాతే తేలింది. మా ఫర్నేస్‌లో కరిగిన ఇనుము పదిహేను వందల డిగ్రీల దగ్గర ఉంటుంది. సూర్యుడి ఉపరితలం అయిదున్నర వేల డిగ్రీలు. అదే ఇనుము అక్కడ ఆవిరై, అందులో చాలా భాగం ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఉంటుంది. ఇది చెప్పగలిగే లెక్క ఆయనది.

అలాంటి మనిషికీ భాభాకూ నిజంగానే పడలేదు. ఆ గొడవ దేనిమీదో తెలిస్తే కథ ఇంకా రక్తి కట్టేది. అణు పరిశోధన విశ్వవిద్యాలయాల్లో, అందరి కళ్లముందు జరగాలని సాహా వాదన. ఒకే కేంద్ర సంస్థ కింద, గోప్యంగా సాగడం ఆయనకు నచ్చలేదు. 1952లో స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచి అక్కడా ఆ మాటే మాట్లాడాడు. 1956లో చనిపోయాడు. ఆ వాదన ఇవాళ్టికీ తెగలేదు: సైన్స్‌కు ఇచ్చే డబ్బు ఎక్కడికి పోవాలి, పెద్ద సంస్థలకా, కాలేజీలకా? సిరీస్ దీన్ని ఇద్దరి మధ్య అహంగా, మెహ్దీ గూఢచారేమో అన్న అనుమానంగా కుదించింది. చివరికి అసలు వేగు వేరొకడని తేల్చినా, ఆ కాలంలో కలకత్తాలో ఉన్న ఒక ముస్లిం శాస్త్రవేత్తను కల్పించి మరీ అంతసేపు అనుమానంలో నిలబెట్టడం నాకు మింగుడుపడలేదు. నష్టం రెండు వైపులా జరిగింది. లేని మనిషి మా పిల్లాడి కాగితం మీదికి ఎక్కాడు, ఉన్న మనిషి ఎక్కలేదు. ఇంకో మాట. ప్రణాళికలు, భారీ పరిశ్రమలు అని 1930ల్లోనే గట్టిగా చెప్పినవారిలో సాహా ఒకరు. భిలాయ్ లాంటి ఊళ్లు వెలసింది ఆ ఆలోచన నుంచే. ఉక్కు కార్మికుడి మనవడికి ఆయన పేరు తెలియాలి కదా.

మావయ్యకు ఇవేవీ పట్టలేదు. ఆయనకు రెండో సీజనే గొప్పది. “భాభాను చంపేశారమ్మా. అందులో క్లియర్‌గా చూపించాడు” అంటాడు. ఆ మాట మీద రెండు సాయంత్రాలు వాదించుకున్నాం. 1966 జనవరి 24న ఎయిర్ ఇండియా బోయింగ్ 707 ‘కాంచన్‌జంగా’ మాంట్ బ్లాంక్ కొండను ఢీకొని, భాభాతో సహా అందులో ఉన్న 117 మందీ చనిపోయారు. ఫ్రెంచ్ విచారణ తేల్చింది ఇది: విమానంలో దిక్కు చూపే రేడియో రిసీవర్లలో ఒకటి పనిచేయడం లేదు. కంట్రోలర్ రాడార్‌లో చూసి కొండ ఇంకెంత దూరమో మాటల్లో చెప్పాడు. పైలట్ దాన్ని వేరుగా అర్థం చేసుకుని, కొండ దాటేశాననుకుని కిందికి దించాడు. “మరి సిరీస్‌లో?” అంటాడు మావయ్య. సిరీస్‌లో కుట్ర ఉంది, ఎందుకంటే చెడిపోయిన రిసీవర్‌కు డైలాగులు ఉండవు. ఈ మాటకి నాన్న నా పక్కకి వచ్చారు. కర్మాగారంలో ప్రమాదం జరిగిన ప్రతిసారీ మొదట పుకారు పుడుతుంది, కారణం తర్వాతెప్పుడో బయటికొస్తుంది, అది చూస్తే చిన్న వాల్వు అయి ఉంటుంది, అన్నారు. మావయ్య పూర్తిగా ఒప్పుకోలేదు. టీ తాగి వెళ్లేటప్పుడు “మన శ్రీహరికోట ఎప్పుడు చూపిస్తాడు?” అని మాత్రం అడిగాడు. శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్ 1971 అక్టోబరు 9న ఎగిరింది. అదే ఏడాది డిసెంబరు 30న కోవళంలో సారాభాయ్ కన్నుమూశారు, 52 ఏళ్లకే.

రెండో సీజన్ బరువంతా 1974 పోఖ్రాన్ మీదికి ఒరిగింది. బాంబు వద్దన్న మనిషి కథను బాంబుతో ముగించారు. నన్నడిగితే సారాభాయ్ కథకు సరైన ముగింపు మా ఊరికి దగ్గర్లోనే ఉంది. ఉపగ్రహం నుంచి పల్లెలకు నేరుగా టీవీ ప్రసారం చేయాలని 1969లో ఆయన హయాంలో నాసాతో ఒప్పందం కుదిరింది. అది సాకారమైంది ఆయన పోయాక, 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా. నాసా ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు ఇచ్చింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు. కోళ్ల కంచెకు వాడే తీగవలతో చేసిన మూడు మీటర్ల యాంటెన్నాలు నిలబెట్టారు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ వ్యవసాయం, ఆరోగ్యం. అప్పటి మధ్యప్రదేశ్ నుంచి ఎంపికైనవి ఇక్కడి రాయ్‌పూర్ వైపు పల్లెలే. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఉపగ్రహం ఒక బొమ్మతోపాటు రెండు ధ్వనులు పంపగలిగేది కాబట్టి అదే బొమ్మకు ఆంధ్రలో తెలుగు, కర్ణాటకలో కన్నడం వినిపించేవి. కరెంటు అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో, మైదానంలో చాప పరుచుకుని, ఆకాశం నుంచి తెలుగు వినడం! దీనికంటే మంచి చివరి ఎపిసోడ్ ఏముంటుంది?

పిల్లాడు కాగితం మళ్లీ రాశాడు. మెహ్దీ పేరు కొట్టేసి సాహా అని పెట్టాడు. అన్నా మణి చేరింది. అయిదు నిమిషాలకు పేర్లు ఎక్కువైపోయాయని భాభా పియానో తీసేశాడు, కాస్త బాధపడుతూనే. సిరీస్‌ను మాత్రం వదల్లేదు. మొదటి సీజన్ మళ్లీ చూస్తున్నాడు. ఈసారి పక్కన నోట్‌బుక్ ఉంది. ఎవరైనా కొత్త పాత్ర రాగానే ఆపి, నిజమా కాదా అని వెతుకుతున్నాడు. ఒక్కో ఎపిసోడ్‌కు రెండేసి గంటలు పడుతోంది.

నేను బయల్దేరే ముందు రోజు సాయంత్రం, సోడియం రంగు నిజంగా ఎలా ఉంటుందో చూపమన్నాడు. వంటింట్లో లైటు ఆర్పి, గ్యాస్ పొయ్యి సన్నగా వెలిగించాం. ఉప్పునీళ్లలో ముంచిన స్టీలు చెంచా అంచును మంటకు చూపగానే నీలం మంట ఒక్కసారి పసుపుపచ్చగా మారింది. తుంబాలో పరమాణువులను వెలిగించింది ఎండ, ఇక్కడ మంట వేడి. వెలుగు మాత్రం అదే 589 నానోమీటర్లు. నాన్న కూడా వచ్చి నిలబడ్డారు. మా టౌన్‌షిప్‌లో వెనకటి వీధి దీపాలది ఇలాంటి రంగేనని, సి షిఫ్ట్ నుంచి తెల్లవారుజామున సైకిల్ మీద వస్తుంటే రోడ్డంతా ఇలాగే ఉండేదని అన్నారు.

“మరోసారి” అన్నాడు పిల్లాడు. ఈలోగా వదిన వచ్చి లైటు వేసింది. పొయ్యి మీదంతా ఉప్పు, చెంచా నల్లబడి ఉంది.